చుక్కన్న ఎవరి సొత్తు?

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఒక పాత చట్టం. పశువును ఎవరైనా కొడితే, నష్టపోయిన యజమాని వచ్చి మొర పెట్టుకోవాలి. యజమాని లేని పశువుకు న్యాయమూ లేదు. ఎవరు రాశారో గానీ, పాపం, వాళ్లకెప్పుడూ దెబ్బ తగిలి ఉండదు!

ఆ రాజ్యంలోని కందిపాడులో చుక్కన్న అనే ఆంబోతు ఉండేది. నుదుట తెల్లని చుక్క. దూడగా ఉన్నప్పుడే ఊరివాళ్లు దేవుడి పేర అచ్చు వేసి వదిలారు. అచ్చోసిన ఆంబోతు అంటామే, అదే. అది ఎవరిదీ కాదు.

ఒకనాడు చుక్కన్న గవరయ్య జొన్నచేలో దిగింది. గవరయ్యకు కలిమి ఎంతో కోపమూ అంతే. గొడ్డలి విసిరాడు. కాలికి లోతుగా దిగింది.

"రేపు దీన్ని అడవిలోకి ఈడ్పిస్తా. పులులు చూసుకుంటాయి. అడిగేవాడెవడు?" అని మీసం దువ్వాడు.

ఆ మాట పోలమ్మ అనే పేదరాలు విన్నది. తల్లి లేని ఆమె మనవరాలు ఆవుపాలతోనే బతికింది. ఆ ఆవు ఈనింది చుక్కన్న చలవ వల్లే. పోలమ్మ చుక్కన్న దగ్గరికి వెళ్లింది. గాయానికి పసుపు అద్ది, తన చీరకొంగు చింపి కట్టు కట్టి, న్యాయం కోసం పరుగెత్తింది.

"ఆంబోతు నీదా?" అన్నాడు గ్రామపెద్ద.

"కాదయ్యా."

"అయితే ఇంటికి పో."

"నీదా?" అన్నాడు న్యాయాధికారి.

"కాదు బాబూ."

"మరి నీకేం నష్టం?"

చివరికి రాజు దగ్గరికి వెళ్లింది. ఆయనా అదే అడిగాడు.

"అది నాది కాదు మారాజా. నేనే దానికి రుణపడ్డాను. ఒక్కసారి మా ఊరి దూడల్ని చూడండి" అంది పోలమ్మ.

రాజు తెల్లవారేసరికి కందిపాడు వచ్చాడు. ఇంటింటి దూడా బయటికొచ్చింది. అన్నిటి నుదుటా తెల్లని చుక్కే! గవరయ్య కొట్టం తెరిపిస్తే, ఆ జొన్నచేను దున్నిన ఎడ్ల నుదుటా అదే చుక్క.

గవరయ్య గతుక్కుమన్నాడు. అయినా గడుసువాడు కదా!

"అయితే ఈ ఆంబోతు ఊరందరి సొత్తే, ఇందులో నాకూ వాటా ఉంది ప్రభూ. నా సొత్తును నేను కొట్టుకుంటే నేరమేమిటి?" అన్నాడు.

చట్టం ప్రకారం అది నిజమే.

పోలమ్మ మెల్లగా అంది: "సొత్తు తమదే అనుకుందాం గవరయ్య బాబూ. మరి నొప్పి తమకెందుకు రాలేదు?"

రాజు లేచి ఆమెకు చేతులు జోడించాడు. "నా కళ్లు తెరిపించావు తల్లీ! నేటినుంచి దెబ్బ తిన్న జీవే ఫిర్యాది. దాని తరఫున ఎవరైనా మాట్లాడవచ్చు. గవరయ్యా, చుక్కన్న లేచి తిరిగేదాకా నీ చేతులతో నువ్వే మేపాలి" అన్నాడు.

గవరయ్య గొణుక్కుంటూనే జొన్నకంకులు పట్టుకెళ్లాడు. చుక్కన్న కంకులు తిని, గొడ్డలి విసిరిన ఆ చేతినే నాకింది. గవరయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు.

పిల్లలూ, సొత్తు ఎవరిదైనా కావచ్చు, నొప్పి మాత్రం పడేవాడిదే. మనకు మేలు చేసిన మూగజీవికి నోరవ్వడమే అసలైన కృతజ్ఞత.