రంగు పూయకూడని చోటు

"స్వామీ, ఇన్నేళ్ల కాపురంలో నా భార్యను పల్లెత్తు మాట అనలేదు. ఏమడిగినా 'నీ ఇష్టం' అంటాను. అయినా నాతో ఉంటే లాడ్జిలో ఉన్నట్టుందంటోంది. ఎందుకంటారు?" అని అడిగాడు పట్టాభి.

భిక్షకు వచ్చిన ముకుందస్వామికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. సన్యసించక ముందు లారీ నడిపిన మనిషి. ఆయన చూపు పెరట్లో విప్పి ఉన్న కారు చక్రాల మీద పడింది.

కాకినాడ గాలికి తుప్పెక్కిన ఉక్కు చక్రాలవి. పట్టాభి వాటి తుప్పు గీకి, కడిగి, ప్రైమర్ పూసి, ఒక పూత ఆరాక మరొకటిగా పలుచగా వెండి రంగు వేశాడు. ఇంత తాపత్రయం దేనికయ్యా అంటే, ఆ మధ్యాహ్నం భార్య కనకవల్లి నెల రోజులకని తునిలో అక్కగారింటికి వెళుతోంది. ఆవిణ్ణి దర్జాగా దిగబెట్టాలట! వద్దనే మాట మాత్రం మహానుభావుడి నోట రాలేదు. తలుచుకుంటే అతనికి ఏడుపొస్తోంది.

స్వామి ఒక చక్రాన్ని తిప్పి చూసి, భేష్ అన్నాడు. ఆ వెంటనే ఉప్పుకాగితం అందించి, నట్లు కూర్చునే గుంటల్లోనూ, చక్రం వెనక ఇరుసు హబ్బుకు ఆనుకునే చోటా రంగు గీకేయమన్నాడు.

"అయ్యో, ఎంత నున్నగా వచ్చింది స్వామీ!"

"వచ్చింది నాయనా. కానీ ఇక్కడ ఇనుము ఇనుమును పట్టుకోవాలి. మధ్యన రంగుంటే నలిగిపోతుంది, నట్టు వదులవుతుంది."

ప్రాణం ఉసూరుమంటున్నా పట్టాభి గీకసాగాడు. ఆఖరి చక్రం పూర్తవుతుండగా కనకవల్లి సంచీతో గుమ్మంలోకి వచ్చింది.

"వెళ్లిరానా మరి?"

'నీ ఇష్టం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పట్టాభి వేళ్ల కింద బోసి ఇనుము చల్లగా తగిలింది.

"వెళ్లొద్దు," అన్నాడు. "నెల రోజులేమిటి? నువ్వు లేకపోతే నాకు తోచదు. అసలు నాకు చాలా కోపంగా ఉంది!"

సంచీ జారి కింద పడింది. "కోపమా! మీకా! ఏదీ, ఇంకోసారి అనండి," అంది కనకవల్లి, ముఖం చాటంత చేసుకుని. "నన్ను సాగనంపడానికి ఇంత సంబరమా అని, మీరు ఆ చక్రాలు తోముతున్నన్నాళ్లూ కుళ్లికుళ్లి ఏడ్చాను, తెలుసా?"

ఇక చూడాలి ఆ పోట్లాట! ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ, మధ్యమధ్య పడీపడీ నవ్వుతూ, భిక్షకు వచ్చిన స్వామిని ఇద్దరూ శుభ్రంగా మరిచిపోయారు. పట్టాభికి ఒళ్లు తేలికైపోయింది. ఆ హుషారులో ఉప్పుకాగితం మళ్లీ అందుకున్నాడు.

"మిగతా రంగు కూడా గీకేయనా స్వామీ?"

"వద్దు నాయనా," అన్నాడు స్వామి. "బయట వానలుంటాయి."