కర్రి కాలరు, మాలకొండయ్య మెడ

ముళ్ళగట్టు ఊళ్ళో తెలివి అందరికీ ఉంది, దాన్ని వాడేది మాత్రం తన ఇంట్లోనే అని మాలకొండయ్య నమ్మకం. ఆ ఇంట్లో ఎవరూ పెద్దలు చెప్పిన మాటకి సొంత మాట కలపరు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఆరెంపీ డాక్టరు పడుకోబోయే ముందు ఒక నిద్రమాత్ర వేసుకోమంటే, మాలకొండయ్య మధ్యాహ్నం నడుం వాల్చబోతూ ఒకటి వేసుకునేవాడు, మంచినీళ్ళకని లేచి మళ్ళీ వాల్చబోతూ ఇంకొకటి వేసుకునేవాడు. మాత్రలు అయిపోయాక పడుకోవడమే మానేశాడు.

తమ్ముడు చెంచయ్య ఇంకా నాణ్యం. కరెంటు పోయిన వెంటనే ఫోన్ చెయ్యమని లైన్‌మేన్ అతనికి చెప్పి ఉన్నాడు. ఒకరోజు ఆ లైన్‌మేనే వచ్చి, కరెంటు ఆపి, స్తంభం ఎక్కాడు. ఇంకేముంది, చెంచయ్య ఆ స్తంభం కిందే నిలబడి ఫోన్ చేశాడు. పైన జేబు మోగింది. ఆయన ఒక చేత్తో స్తంభాన్ని కావిలించుకుని, రెండో చేత్తో ఫోను తీసి హలో అన్నాడు. కరెంటు పోయిందండీ అని చెంచయ్య మర్యాదగా చెప్పాడు.

వీళ్ళిద్దరి తెలివినీ సరిచూసేది మాలకొండయ్య భార్య వెంగమ్మ. ఆమె తలూపితేగానీ ఆ ఇంట్లో ఏ పనీ జరగదు. ఆమె ఊపకుండా ఉన్న రోజు ఎవరికీ గుర్తు లేదు.

ఈ ముగ్గురికీ ప్రాణం కర్రి. వేటజాతి కుక్క. జొన్నచేలో పడే అడవి పందుల్ని తరమడానికి పెంచారు, అది బ్రహ్మాండంగా తరుముతుంది. చిక్కల్లా ఏమిటంటే, పంది దొరకని రోజున గొర్రెల్ని తరుముతుంది. పక్క దొడ్డి కోటిలింగానిది, అతనిది గొర్రెల మంద. మధ్యలో ఒక ముళ్ళకంచె. కర్రి ఆ కంచెలో సందు చూసుకుని దూరేది, గొర్రెలు అరుచుకుంటూ చెల్లాచెదరయ్యేవి, కర్రి ఒక్కదాన్నీ కొరక్కుండా, మంచి పని చేసొచ్చినట్టు తోకూపుకుంటూ ఇంటికొచ్చేది.

ఒకసారి సూడిగొర్రె ఒకటి బెదిరి పడిపోయింది. అంతే, కోటిలింగం నలుగుర్నీ వెంటేసుకుని గుమ్మం ముందుకొచ్చాడు.

"బాబాయ్, ఇదే ఆఖరు. ఇంకొక్కసారి మీ ఇంట్లోంచి ఎవరొచ్చి నా గొర్రెల జోలికి పోయినా, పోయినోళ్ళని మా బావమరిది కోళ్ళఫారానికి పంపించేస్తా. అక్కడ కాపలాకి కుక్క కావాలంట."

మాలకొండయ్య నలుగురి ముందూ సరేనని మాటిచ్చాడు. ఇచ్చాడే గానీ ఆ పూట ముద్ద దిగలేదు. రోజూ కర్రి అతని మంచం కిందే పడుకునేది. దాని తోక మంచంకోడుకి తగిలి టపటపా చప్పుడైతేనే అతనికి కన్ను మూతపడేది. కర్రి లేకపోతే నిద్ర కోసం మళ్ళీ ఆ మాత్రలే దిక్కు.

ఎవరో చెప్పారు, వేటకుక్కలకి ఎలక్ట్రిక్ కాలరని ఒకటి వచ్చిందని. అన్నదమ్ములిద్దరూ ఒంగోలు పోయి, కుక్కల సామాన్లమ్మే కొట్లో అడిగారు. కొట్టాయన పట్టీ తీసి చూపించాడు. పట్టీ కుక్క మెడకి, రిమోటు మనిషి చేతికి. మీట నొక్కితే కుక్కకి మెడ మీద చిన్న షాకు తగులుతుంది. ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ముందు మీరు పెట్టుకుని చూడాలి, మీరు ఓర్చుకోలేనిది దానికివ్వకూడదు. ఆ షాకిచ్చేది మీరేనని దానికి తెలియకూడదు, అందుకని కొన్నాళ్ళు నొక్కకుండా ఊరికే మెడకి ఉంచండి. కుక్కకీ రిమోటుకీ మధ్య అడ్డాలుంటే సరిగ్గా అందదు. తప్పు చేసిన క్షణంలోనే నొక్కాలి, ఆలస్యమైతే ఎందుకు తగిలిందో కుక్కకి అర్థం కాదు. బుద్ధిగా ఉంటే ఒక బిస్కెట్టు పెట్టండి. చివరికి ఒకసారి, ఎంత దూరం అందుతుందో రోడ్డు మీద చూసుకోండి.

మాలకొండయ్య అన్నీ రెండోసారి చెప్పించుకున్నాడు. బిస్కెట్ల పొట్లం కూడా ఇప్పించుకుని బస్సెక్కాడు.

ఇంటికి రాగానే ముందు తాము పెట్టుకుని చూశారు. మాలకొండయ్య మెడకి కట్టుకుంటే చెంచయ్య నొక్కాడు. మాలకొండయ్య "అబ్బా" అని ఎగిరి గాదెకి గుద్దుకున్నాడు. బాగా పనిచేస్తోంది, ఓర్చుకోగలను అన్నాడు. చెంచయ్య కట్టుకుంటే వెంగమ్మ నొక్కింది. అతను వాకిట్లోకి పోయి పడ్డాడు. వెంగమ్మ కట్టుకున్నాక మాత్రం నొక్కడానికి ఇద్దరిలో ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆమే నొక్కుకుంది, ఆమే అరిచింది, ఎవర్రా నొక్కింది అని ఆమే ఇద్దర్నీ తిట్టింది.

తర్వాత కర్రికి కట్టారు. ఇక కర్రికి తెలియకూడదు. అంతే, దాని ముందు కాలరు ఊసెత్తడం మానేశారు. మాట్లాడాలంటే ముగ్గురూ గొడ్లచావిట్లోకి పోయి గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. కర్రి వెనకే వస్తే జొన్నల ధర గురించి మాట్లాడేవాళ్ళు. తన ఒక్కదాని మెడకే పట్టీ ఉంటే అనుమానం రాదా అని వెంగమ్మకి తట్టింది. ఇంకేముంది, మాలకొండయ్య మెడకి దున్నపోతు పలుపు కట్టుకున్నాడు, చెంచయ్య గంటల పట్టెడ వేసుకున్నాడు, వెంగమ్మ పాత బెల్టు చుట్టుకుంది. చెంచయ్య గంటల మోత విని పక్క వీధి దూడ ఒకటి తల్లి వచ్చిందనుకుని రోజూ ఇంటికొచ్చేది. కర్రికి మాత్రం ఏ అనుమానమూ రాలేదు. మన రహస్యం దక్కింది అని మాలకొండయ్య మీసం దువ్వాడు.

తర్వాత అడ్డాలు. మధ్యలో ఏమీ ఉండకూడదన్నాడు కదా. చెంచయ్య రిమోటు పట్టుకుని వాకిట్లో నిలబడి, కర్రి ఎక్కడెక్కడ తిరుగుతుందో చూసి, అడ్డమొచ్చినవన్నీ చెప్పాడు. బట్టలారేసే తీగ అడ్డమంటే మాలకొండయ్య తెంపేశాడు. బీరపందిరి అడ్డమంటే కాయలతో సహా పీకేశారు. గడ్డివామి అడ్డమంటే పొద్దుటి నుంచి దాన్ని మోసి ఇంట్లో పోశారు, ఆ పూట వంట వీధిలో చేసుకున్నారు. చివరికి చూస్తే అన్నిటికన్నా పెద్ద అడ్డం ముళ్ళకంచె. కర్రి గొర్రెల్లోకి దూరిందంటే కంచెకి అవతల ఉంటుంది, రిమోటేమో ఇవతల.

వెంగమ్మ తలూపింది. అంతే, సాయంత్రానికల్లా కంచె లేదు. కర్రికి ఇక సందు వెతుక్కునే పని కూడా లేకపోయింది. కోటిలింగం పొలం నుంచి వచ్చేసరికి అతని గొర్రెలు వీళ్ళ వాకిట్లో పీకేసిన బీరపాదులు మేస్తున్నాయి. అతను నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. మాలకొండయ్య అతనికి మంచినీళ్ళిచ్చి, నీ గొర్రెల మేలుకే తీశామురా అని ఓదార్చాడు.

మర్నాడు కర్రి లేచింది, ఒళ్ళు విరుచుకుంది, గొర్రెల వైపు నడిచింది. చెంచయ్య మీట మీద వేలు పెట్టాడు.

"ఆగరా," అన్నాడు మాలకొండయ్య. "ముందు మనం పెట్టుకున్నాకే దానికి."

"మొన్న పెట్టుకున్నాంగా అన్నా."

"అది మొన్నటి షాకు. ఇవాళ్టిది ఎవరు చూశారు?"

నిజమేననిపించింది చెంచయ్యకి. పరిగెత్తి కర్రిని పట్టుకున్నారు, కాలరు విప్పారు, మాలకొండయ్య కట్టుకున్నాడు, చెంచయ్య నొక్కాడు, మాలకొండయ్య అరిచాడు, తిరిగి కర్రికి కట్టారు. ఈలోగా కర్రి ఎప్పుడో గొర్రెల్ని మర్చిపోయి తుమ్మచెట్టు కింద నిద్రపోతోంది. ఇప్పుడు నొక్కకూడదు, తప్పు చేసిన క్షణం దాటిపోయింది. కోటిలింగం ఇంట్లో లేడు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఆ రోజే కర్రికి ఆ ఇంట్లో నూకలు చెల్లేవి.

మాలకొండయ్య గొడ్లచావిట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. కట్టడం విప్పడంలోనే కాలం పోతోంది. ముందు తగలాల్సింది ఎలాగూ తనకే. అలాంటప్పుడు కాలరు తన మెడకే ఉంచేస్తే ఆలస్యమే ఉండదు. వెంగమ్మ తలూపింది. పైగా కర్రికి అనుమానం కూడా రాదు అంది.

ఇంకేముంది. కాలరు మాలకొండయ్య మెడకి, రిమోటు చెంచయ్య చేతికి. కర్రి గొర్రె వైపు అడుగేస్తే చాలు, చెంచయ్య నొక్కేవాడు. మాలకొండయ్య "అబ్బా" అని కేక పెట్టేవాడు. కేక వినగానే కర్రి చెవులు రిక్కించి, గొర్రెనొదిలేసి, పరుగున వచ్చి యజమాని మొహం నాకేది. వెంగమ్మ ఒక బిస్కెట్టు తీసేది. కాలరు వేసుకున్నవాళ్ళకే బిస్కెట్టు కాబట్టి మాలకొండయ్య తినేవాడు. కర్రి మొహం చూడలేక సగం తుంచి దానికి పెట్టేవాడు.

అలా కొన్నాళ్ళు గడిచేసరికి కర్రి గొర్రె వైపు తలెత్తి చూడ్డం మానేసింది. యజమాని కాళ్ళ దగ్గరే పడుండేది. మాలకొండయ్యకి మాత్రం గొర్రె అరుపు వినబడితే మెడ దానంతటదే పక్కకి తిరిగిపోయేది.

ఊళ్ళో ఈ మాట పాకింది. కోటిలింగం నమ్మలేదు. అయితే ఒక పూట నా మందలోకి పంపండి, తప్పు చేయకపోతే ఇక కర్రి ఊసెత్తను, చేస్తే మాత్రం మాట మాటే అన్నాడు. నలుగురూ చూడ్డానికొచ్చారు. చెంచయ్య కర్రిని తీసుకుని బయల్దేరబోయాడు.

"దాన్నెక్కడికి?" అన్నాడు మాలకొండయ్య. "బడికి పోయింది నేను. పరీక్ష అదెట్టా రాస్తదిరా?"

వెంగమ్మ తలూపింది. మొగుడికి బొట్టు పెట్టి, ఎదురొచ్చి మరీ పంపింది.

మాలకొండయ్య పోయి గొర్రెల మధ్య చతికిలబడ్డాడు. నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. పాపం, అతను ఒక్క గొర్రెని కూడా కన్నెత్తి చూడలేదు. ఎండ ఎక్కింది. ఇక నెగ్గినట్టే అనుకుంటుండగా మందలో పెద్ద పొట్టేలు, ఈ కొత్త గొర్రె ఎవరా అన్నట్టు వెనక్కి తగ్గి, ఉరికొచ్చి అతని నడుం మీద ఒక్కటి కుమ్మింది. మాలకొండయ్యకి ఒళ్ళు తెలియలేదు. లేచి, తనూ వెనక్కి తగ్గి, తల వంచి, పొట్టేలుని తిరిగి కుమ్మాడు.

తప్పు చేసిన క్షణంలోనే చెంచయ్య నొక్కాడు. "అబ్బా" అని కేక. అవతల వాకిట్లో పడుకున్న కర్రి ఆ కేక విని లేచింది. మంద మధ్యలోంచి దూసుకొచ్చింది, ఎడం పక్క గొర్రెల్ని చూడలేదు, కుడి పక్క గొర్రెల్ని చూడలేదు, నేరుగా వచ్చి మాలకొండయ్య నుదురు నాకింది. కోటిలింగం నోరు తెరుచుకుని చూశాడు.

"బాబాయ్, కుక్క మారిపోయింది. ఇక దాంతో నాకు పేచీ లేదు," అన్నాడు.

మాలకొండయ్య తల దించుకున్నాడు. "కుక్క సంగతి సరే. పొట్టేలుని కుమ్మిందెవరు?"

"నువ్వే."

"మీ ఇంట్లోంచి ఎవరొచ్చినా అన్నావా లేదా?"

కోటిలింగం బతిమాలాడు. మా బావమరిదికి కావాల్సింది కుక్క గానీ నువ్వు కాదన్నాడు. నీ కాళ్ళు పట్టుకుంటానన్నాడు. ఏం లాభం, మాట తప్పే వంశం కాదది. కర్రి ఇంట్లో ఉంటుంది, అది చాలు అన్నాడు మాలకొండయ్య. వెంగమ్మ తలూపింది, కళ్ళు తుడుచుకుంది, ఒక సంచిలో రెండు పంచెలూ మిగిలిన బిస్కెట్లూ సర్దింది. కోటిలింగం చేసేది లేక ఆటో పిలిచి, పక్కన తనూ ఎక్కి కూర్చున్నాడు. కోళ్ళ జోలికి పోకు, జాగ్రత్త అని చెంచయ్య అన్నకి బుద్ధి చెప్పాడు. కర్రి ఆటో వెంట పోకుండా వెంగమ్మ దాని మెడ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఆటో కదిలి ఊరి రోడ్డెక్కింది. అప్పుడు వెంగమ్మకి చప్పున గుర్తొచ్చింది. కొట్టాయన చెప్పినవాటిలో ఒకటి మిగిలిపోయింది, ఎంత దూరం అందుతుందో రోడ్డు మీద చూసుకోవాలి. ఇంతకన్నా మంచి అదను మళ్ళీ రాదు. మరిదికి చెప్పింది. అంతే, చెంచయ్య రోడ్డు మధ్యకి పోయి నొక్కాడు.

"అబ్బా," అని ఆటోలోంచి వినబడింది. కర్రి ఒక్క గింజుడు గింజుకుని వెంగమ్మ చేతుల్లోంచి జారిపోయింది.

"అందుతోంది వదినా," అన్నాడు చెంచయ్య, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కేక. కర్రి చెవులు వెనక్కి పెట్టి పందిని తరిమినట్టు పరుగు. చెరుకు బండి దాటినా అందుతోంది. సిమెంటు వంతెన దగ్గర కూడా అందుతోంది. అక్కడే కర్రి ఆటోని అందుకుని, లోపలికి ఒక్క దూకు దూకి, మాలకొండయ్య ఒళ్ళో పడింది. ఆటో మలుపు తిరిగింది. తర్వాత ఎంత నొక్కినా కేక లేదు.

చెంచయ్య బిక్కమొహంతో వెనక్కొచ్చాడు. "వదినా, అన్న పోయాడు. కర్రి కూడా పోయింది."

వెంగమ్మ ఖాళీ వాకిలి వంక చూసింది, రోడ్డు వంక చూసింది, అతని చేతి వంక చూసి నిమ్మళంగా తలూపింది.

"పోతే పోనీ, ఎక్కడికి పోతారు?" అంది. "రిమోటు మన దగ్గరే ఉందిగా."