రంగు ఎంచుకోనివాళ్ళు

చిన్న కథ ఒకటి చెప్పి వదిలేస్తాను. మా గుల్లపేటలో కూర్మారావు మేష్టారిని ఆయన శిష్యురాలు హైమ ఒక ప్రశ్న అడిగింది, దానికి ఆయన జవాబిచ్చారు. అంతే. మీ కాఫీ చల్లారేలోగా అయిపోతుంది.

అయితే మేష్టారెవరో చెప్పాలి కదా. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఒకప్పుడు ఊళ్ళో ఏ పెళ్ళయినా శుభలేఖ మీద వధూవరుల పేర్లు ఆయన రాసివ్వాల్సిందే. ఆ అక్షరాలనే బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. ఆ పెళ్ళిళ్ళలో కొన్ని నిలవలేదు గాని అక్షరాలు మాత్రం అన్నీ నిలిచాయి. శుభలేఖ వచ్చిందంటే నాలుగు మూలలా పసుపు తడి ఇంకా ఆరకుండా ఉండేది. దాన్ని దేవుడి గూట్లో పెట్టేవాళ్ళం. ఏడాది తర్వాత గూడు తెరిచినా పసుపూ, సిరా, కర్పూరం కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ అచ్చయిన కాగితం ఏది చేతికొచ్చినా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. కరెంటు బిల్లుకి ఆ వాసన లేదు. చావు కబురు కార్డొస్తే దారి వేరు. వీధిలోనే చదివి, అక్కడే చింపి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. మా పక్కింటి వరహాలమ్మ చదవకుండానే చింపేసేది. ఎవరు పోయారో తెలియక వారం రోజులు చుట్టాలందర్నీ అనుమానంగా చూసేది.

ప్రశ్న దగ్గరున్నాం కదూ. ఇప్పుడు కార్డులు లేవు, ఊరికొక వెబ్‌సైటు ఉంది. ఖాళీగా కూర్చోలేక మేష్టారే పెట్టారు. పెళ్ళయినా చావయినా ఎవరికివారు అందులో పోస్టు రాసుకుంటారు. ఆయన చూపు తగ్గుతోంది గనక సైటుని హైమకి అప్పగించాలా వద్దా అని ఆ నెలలోనే మా పంచాయతీ ఆలోచిస్తోంది. మా పంచాయతీ ఆలోచించడం అరుదు. అందుచేత, రెండేళ్ళుగా ఈ పనే నేర్చుకుంటున్న హైమకి బెంగగానే ఉంది.

ఆమె అడిగింది ఇది: "మేష్టారూ, పోస్టు రాసేవాళ్ళు అక్షరాల రంగూ సైజూ ఎంచుకోవచ్చు. ఎంచుకోకపోతే మనం డిఫాల్టుగా పెట్టింది వస్తుంది. ఏమీ ఎంచుకోనివాళ్ళకి ఏదైనా ఒకటే కదా. దాని గురించి మీరింత ఆలోచిస్తారెందుకు?"

మేష్టారికి ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు లేదు. ఏనుగుని ఎలా గీయాలని అడిగితే సుద్దముక్క చేతికిచ్చేవారు. అందుకే మా క్లాసులో ఎవరికీ ఏనుగు రాదు. ఇప్పుడూ అంతే. సెట్టింగుల పేజీ తెరిచి, కుర్చీ ఆమెకిచ్చి, "నీకు నచ్చినట్టు పెట్టు" అన్నారు.

ఊరి సైటులో జనం చూసేది పెళ్ళిళ్ళే కదా అనుకుంది హైమ. శీర్షికలకి కుంకుమరంగు పెట్టింది. గుండ్రటి పెద్ద అక్షరాలు, చుట్టూ సన్నటి గీత, నాలుగు మూలలా పసుపు. సేవ్ నొక్కింది. మేష్టారు చూసి "బావుంది" అన్నారు. ఆయన బావుందంటే భయపడాలని మాకు తెలుసు. ఆమెకి తెలీదు.

మర్నాడు పొద్దున్నే మేష్టారింట్లో హైమ సైటు తెరిస్తే పెళ్ళి పోస్టుల్లో ఒక్కటీ మారలేదు. పెళ్ళివారు రంగు ఎంచుకోకుండా ఉంటారా? ఒకరు వంకాయరంగు, ఒకరు నెమలికంఠం. రైసుమిల్లు వారైతే అక్షరాలకి బంగారుపూత పూశారు. ఎవరి రంగు వాళ్ళకుంది గనక డిఫాల్టు వాళ్ళ జోలికి పోలేదు. మారినవన్నీ చావు కబుర్లు. ఇంట్లో శవాన్ని పెట్టుకుని రంగులెవరు ఏరుకుంటారు? పేరూ, తేదీ, కర్మ ఎక్కడో రాసి వదిలేశారు. ఇన్నేళ్ళుగా సన్నటి నల్లక్షరాల్లో ఉన్న మా ఊరి పోయినవాళ్ళంతా ఒక్కసారిగా శుభలేఖలెక్కారు.

మేష్టారింటికి ముందుగా వచ్చినవాడు తవిటయ్య, పంచాయతీ మెంబరు. అతని తమ్ముడు జగన్నాథం టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు, పోయి కొన్నేళ్ళయింది. ఈ ఏటి సంవత్సరీకం మర్నాడే. చుట్టాలకి పంపడానికి పాత పోస్టు తెరిచాడట.

"పసుపు తీసేసిన ఇంటికి పసుపు పూస్తావా?" అన్నాడు హైమతో. "మా మరదలు చూసి ఒక్క మాటందంటే చాలు. ఈ సైటు నీ చేతికి రాదు, నేను రానివ్వను."

హైమ వెంటనే సెట్టింగు వెనక్కి మార్చబోయింది.

"ఆగమ్మా," అన్నారు మేష్టారు. "ఆవిడే వస్తోంది."

జగన్నాథం భార్య బంగారమ్మ ఫోను పట్టుకుని మెట్లెక్కుతోంది. బావగారిని చూసి కొంగు సర్దుకుంది గాని ఆగలేదు.

"ఏటమ్మా, మా ఆయనకి పెళ్ళి చేసేవట?"

"పొరపాటయిపోయిందండీ మామ్మగారూ. ఇప్పుడే నలుపు చేసేస్తాను."

"నిన్నెవరు చెయ్యమన్నారు?"

బంగారమ్మ బల్ల మీద కూచుని ఫోను దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరగా పట్టుకుని చూసింది.

"మాకు కార్డు వెయ్యలేదు తల్లీ. సింహాచలం కొండ మీద దండలు మార్చుకున్నాం. ఇంట్లో పెద్దలు ఒప్పలేదు."

పెద్దలెవరో ఆవిడ చెప్పలేదు. తవిటయ్య గోడ మీద క్యాలెండరు చదువుతున్నాడు. అది పోయిన నెలది.

"ఆయన పేరు ఇలాటి అక్షరాల్లో చూడ్డం ఇదే మొదలు," అంది బంగారమ్మ. "మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. ఇది మాత్రం ఇలాగే ఉంచు. పక్కన నా పేరూ వెయ్యి. కార్డంటే రెండు పేర్లుండాల."

హైమ డిఫాల్టుని పాత నలుపుకి మార్చింది. మిగతా అందరూ నల్లక్షరాల్లోకి వెళ్ళిపోయారు. తర్వాత జగన్నాథం పోస్టు ఒక్కటీ తెరిచి, దానికి విడిగా కుంకుమరంగూ పసుపు మూలలూ ఎంచి, బంగారమ్మ పేరు చేర్చింది.

తవిటయ్య క్యాలెండరు వదిలి దగ్గరికొచ్చి చూసి, "కింద ఆహ్వానించువారు అని ఉండాలి కదా," అన్నాడు.

"ఎవరి పేరు వెయ్యమంటారు?"

"నాది వెయ్యి."

హైమ వేసింది. మర్నాటి సంవత్సరీకానికి చుట్టాలు ఆ పోస్టు చూసుకునే వచ్చారు. పై వారం సైటుని హైమకి అప్పగించారు. ఆ మాట ఎత్తింది తవిటయ్యే.

ఆ రోజు తవిటయ్యా బంగారమ్మా వెళ్ళిపోయాక హైమ ఆ పోస్టుని మళ్ళీ తెరిచి చూసింది.

"ఆవిడ మనసులో ఇది ఉందని ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదు, చూశారా మేష్టారూ?"

మేష్టారు కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళూ ఆవిడనెవరడిగారమ్మా?"