ఇనప చేపకి పసుపు

ఒట్టు. నా మీసం మీద ఒట్టు, ఇది మీరు చచ్చినా నమ్మరు. సొరచేపని చెవి పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చిన మనిషిని నేను. సొరచేపకి చెవులెక్కడున్నాయని అడక్కండి, పట్టుకున్నవాడికే తెలుస్తాయి. అలాంటి నేనే ఈ సంగతి మొదటిసారి విని పడీ పడీ నవ్వేను. తర్వాత వెళ్లి చూసేను. చూసేక నవ్వడం మానేసేను.

గవ్వలదిబ్బలో సన్యాసయ్యగారని చెక్కభజన గురువుగారు ఒకాయన ఉన్నారు. ఆయనకో అలవాటుంది. ఏదడిగినా జవాబు చెప్పరు. తాళం ఎక్కడ తప్పుతున్నానండీ అని ఒక శిష్యుడడిగితే, వాణ్ణి తీసుకెళ్లి అలల్లో నిలబెట్టి, మోకాళ్ల దాకా తడిసేక ఇంటికి పొమ్మన్నారు. పెళ్లి చేసుకోమంటారా వద్దంటారా అని ఇంకొకడు అడిగితే, వాడి చేత పూటంతా చిక్కుపడ్డ వల విప్పించేరు. వాడు పెళ్లి చేసుకున్నాడో లేదో గానీ వల మాత్రం బాగుపడింది.

ఆయన కాడ చెక్కలు నేర్చిన మనిషే దాలమ్మ. సముద్రం ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతుంది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది, బండి ఒక్కటే చిన్నది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ బండే దిక్కు. కార్తీకమాసం వచ్చిందంటే గవ్వలదిబ్బకి బస్సుల మీద బస్సులు. స్నానాలంటారు, పిక్నిక్కులంటారు, ఫోటోలంటారు. వాళ్లు వెళ్లేక చూస్తే ఇసక కనపడదు, అన్నీ నీళ్ల బాటిళ్లే. ఒక పీతయితే బొరియ తవ్వుకోవడం మానేసి బాటిల్లోనే కాపురం పెట్టేసింది. పిల్లల్ని కూడా అందులోనే కంది. ఆ ఏడు ఆఫీసరొకడు జీపులో వచ్చి, పున్నమి వెళ్లిన మర్నాడు మళ్లీ వస్తాననీ, ఇసక మీద ఒక్క బాటిల్ కనపడినా బండ్లన్నీ ఎత్తించి రోడ్డవతల తుప్పల్లో పెట్టిస్తాననీ చెప్పి పోయేడు. ఆ తుప్పల్లో పొత్తులు కొనడానికి కాకులు తప్ప ఎవరూ రారు.

దాలమ్మ ఊరుకుంటుందేటి. బండ్లవాళ్లందర్నీ పోగేసింది. పాత సామాన్లు కొనే వ్యాను అతనితో మాట్లాడింది. బాటిళ్లన్నీ ఒకచోట ఉంచితే అతనొచ్చి పట్టుకెళ్తాడు, అవి ఎక్కడో కరిగి బకెట్లో కుర్చీలో అయి మళ్లీ మన ఇంటికే వస్తాయి. సరే, ఒకచోట ఎలా పడతాయి? అందుకని వెల్డింగు అప్పలకొండ చేత ఇనప ఊచలతో ఒక చేపని చేయించింది. తాటిచెట్టంత చేప. మరీ తాటిచెట్టంత కాకపోతే కొబ్బరిచెట్టంత. పొట్ట ఇసక మీద ఆని ఉంటుంది, తోక ఆకాశంలోకి లేచి ఉంటుంది, నోరు మనిషి చేతికి అందేలా బార్లా తెరుచుకుని ఉంటుంది. నోట్లో బాటిల్ పడేస్తే కడుపులోకి జారిపోతుంది. ఏం తిన్నదో బయటికే కనపడుతుంది.

అంతవరకూ బాగుంది. కొత్త మిక్సీ కొన్నా బొట్టు పెట్టందే స్విచ్చి వెయ్యని మనుషులం కదా మనం. దాలమ్మ కూడా చేప నుదుటికి దట్టంగా పసుపు రాసింది, కుంకం పెట్టింది, మొప్పకి నిమ్మకాయల దండ కట్టింది, కొబ్బరికాయ కొట్టింది. కొడుతూ కొడుతూ పక్కవాళ్లకి వినపడకుండా, నా బండిని ఇక్కడే ఉంచు తల్లీ అనుకుంది. అనుకుని మర్చిపోయింది.

తెల్లారి మొదటి బస్సు వచ్చింది. దిగినవాళ్లు చేపని చూసేరు, పసుపు చూసేరు, చెప్పులు దూరంగా విడిచేసేరు. మధ్యాహ్నానికి చేపకి పేరొచ్చింది, చేపమ్మ తల్లి అని. సాయంత్రానికి మహిమలొచ్చేయి. ఒకావిడకి ప్రదక్షిణ చేస్తుండగానే నడుం నొప్పి పోయిందట. ఆవిడ వెనకాల నడుస్తున్న ఆయనకి పట్టుకుందట. బాటిళ్లు మాత్రం ఎప్పటిలాగే ఇసక మీద పడుతున్నాయి. వాటికి తోడు ఇప్పుడు కొబ్బరి చిప్పలూ, వాడిన పూలూను. ఎవరో కుర్రాడు తెలియక తాగిన బాటిల్ చేప నోట్లో వెయ్యబోతే, సాలూరు వైపు నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ వాడి చేతి మీద ఠపీమని కొట్టింది. ఎంగిలి బాటిల్ అమ్మోరికి పెడతావా అని. ఇక అక్కణ్ణించి ఆవిడ కదల్లేదు, కాపలాకి కూర్చుండిపోయింది. అది అమ్మోరు కాదు మామ్మా, చెత్త వేసుకునే బుట్ట అని దాలమ్మ చెప్పబోయింది. ఆ మాటకి జనం ఆమెని చూసిన చూపుకి పొయ్యిలో బొగ్గులు వాటంతటవే అంటుకున్నాయి. పొత్తులు కొనడం కూడా మానేసేరు.

పున్నమి దగ్గరకొచ్చేసింది. దాలమ్మ బండి వదిలేసి ఉడుక్కుంటూ గురువుగారి పాకకి వెళ్లింది. నా మాటంటే లెక్కలేదు, మీ మాటంటే వింటారు, మీరొచ్చి నిజం చెప్పండి అని పోరు పెట్టింది. చివరికి, "గురువుగారూ, తప్పుడు నమ్మకం పట్టుకున్న మనుషుల్ని ఎలా విడిపించడం?" అని అడిగింది.

సన్యాసయ్యగారు చేతిలో చెక్కలు చాప మీద పెట్టేరు. "దాహంగా ఉందమ్మా. ఒక నీళ్ల బాటిల్ కొనిపెట్టు," అన్నారు.

దాలమ్మకి ఏడుపొక్కటే తక్కువ. బండి పోతుందంటే ఈయనకి దాహమట. అయినా గురువు కదా, కొనిపెట్టింది. ఆయన ఆ బాటిల్ పట్టుకుని తిన్నగా చేప కాడికి నడిచేరు. భజన గురువుగారు వస్తున్నారని జనం దారిచ్చేరు. ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారని దాలమ్మ వెనకాలే నించుంది. ఆయన చేప ఎదురుగా నిలబడి గుటకా గుటకా నీళ్లు తాగేరు. ఆఖరి చుక్క దాకా తాగేరు. ఖాళీ బాటిల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అప్పుడు నీళ్లలోకి దిగి, బాటిల్ని ముంచి కడిగేరు, మూత విప్పి మళ్లీ కడిగేరు, పైపంచెతో తుడిచేరు, ఎండకి ఎత్తి చూసేరు. వెనక్కొచ్చి, కళ్లకద్దుకుని, చేప నోట్లోకి చెయ్యి చాపేరు.

ముసలమ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది. "ఆగండి బాబూ. పెద్దోరు మీరే ఎంగిలిది పెడతారేటి?"

"కడిగేను కదమ్మా. సముద్రం కడిగినా పోని ఎంగిలేటైనా ఉందా?"

ముసలమ్మ సముద్రం వైపు చూసింది. చెయ్యి వదిలేసింది. బాటిల్ చేప కడుపులోకి జారి టకటకమని మోగింది. గురువుగారు పక్కకెళ్లి కూర్చున్నారు. కాసేపటికి ముసలమ్మ తన సంచిలోంచి ఒక బాటిల్ తీసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది.

ఇంక చూడండి. పున్నమి నాటికి బాటిల్ మొక్కు అన్నారు. కడిగి, తుడిచి, కళ్లకద్దుకుని వెయ్యడమే. తమది వేసేసినవాళ్లకి ఆశ పుట్టి ఇసకంతా గాలించేరు. ఒక బాటిల్ కోసం ఇద్దరు వియ్యంకులు మాటలనుకుని, చెరో కొసా పట్టుకుని ఇద్దరూ కలిసి వేసేరు. దాహం లేనివాళ్లు కూడా మొక్కు కోసం నీళ్లు తాగేరు. పక్క ఊరి ఒడ్డున పడున్నవి కూడా ఆటోలెక్కి వచ్చేయి. ఆ పీత సంసారాన్ని బతిమాలి ఖాళీ చేయించేరు. వ్యాను అతను చేప కడుపు తలుపు తీసి చూసి నోరు తెరిచేడు. జిడ్డు లేదు, ఇసక లేదు, బాటిళ్లన్నీ కర్పూరం వాసన వేస్తున్నాయి. ఇంత శుభ్రమైన సరుకు తన పుట్టుకలో చూడలేదన్నాడు.

పున్నమి మర్నాడు జీపొచ్చింది. ఆఫీసరు ఒడ్డంతా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేడు. వంక పెట్టడానికి ఒక్క మూతైనా దొరకలేదు. ఎండలో తిరిగి తిరిగి, చేతిలో ఉన్న నీళ్లు తాగేసి, బాటిల్ ఎక్కడ పడేద్దామా అని చుట్టూ చూసేడు. ముసలమ్మ ఆయన వంకే చూస్తోంది. ఆయన బూట్లు విప్పేడు, ప్యాంటు మడిచేడు, నీళ్లలోకి దిగేడు. దాలమ్మ బండి కదిలించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బండి నిలబడింది గానీ దాలమ్మకి మనసు నిలవలేదు. తొలి పొత్తు కాల్చి, ఉప్పూ కారం నిమ్మకాయా రాసి, ఆకులో పెట్టి గురువుగారికి పట్టుకెళ్లింది. ఆయన తింటుంటే పక్కనే కూర్చుని, అడగలేక అడిగింది. అది మనం చేయించిన ఇనప బుట్ట కదా, ఇంతమంది దండాలు పెడుతుంటే నోరు మూసుకుని ఉండడం మోసం కాదా అని.

"దానికి పసుపు రాసిందెవరు?" అన్నారాయన.

"నేనే. కొత్త పని కదా అని రాసేను."

"రాసి ఏమనుకున్నావు?"

దాలమ్మకి అనుకున్నది అనుకున్నట్టుగా గుర్తొచ్చింది, చెప్పేసింది. బండి ఇక్కడే ఉంచమనుకుంది. ఉంది.

సన్యాసయ్యగారు పొత్తు తిప్పుకుని రెండో వైపు కొరికేరు. "మరైతే ఆ మాట ఎవరికి చెప్పుకున్నావమ్మా?" అన్నారు.

నమ్మలేదు కదూ. మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అయితే గవ్వలదిబ్బకి రండి, దార్లో ఒక నీళ్ల బాటిల్ కొనుక్కుని తాగండి. అది కడక్కుండా ఆ చేప నోట్లో వేసి రండి చూద్దాం. ఆ పని మీ చేతనైతే, నేను చెప్పిందంతా అబద్ధమని నా మీసం నేనే గొరిగించుకుంటాను.