నారచీరమ్మ కొండ మీద దాల్చిన గంజి

పిల్లలూ, ఈ బకెట్‌లో బట్టలు ఆరేస్తూ మీకో కథ చెబుతాను. పులావులో తగలగానే పళ్లెం అంచుకు నెట్టేస్తారే, ఆ చుట్ట చుట్టుకున్న చెక్క ఏమిటో చెప్పండి? అవును, దాల్చిన చెక్క. అది ఒక చెట్టు బెరడు. ఆ బెరడునే చీరగా కట్టుకున్న తల్లి నారచీరమ్మ. మన్యంలోని ఈ కొండ మీద ఆమెకు గోపురం లేదు, విగ్రహం లేదు. దాల్చిన చెట్టే అమ్మవారు. దాని మొదలుకు ఎప్పుడూ ఒక తడి చీర చుట్టి ఉంటుంది. ఎందుకో వినండి.

పూర్వం ఇక్కడ చిలకమ్మ అనే ఇల్లాలు మేకలు కాచుకునేది. ఆమె భర్త గంగులుకు జ్వరమైతే తగ్గింది గానీ, నోరు చేదెక్కి మెతుకు మింగలేక రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. పొట్ట ఉబ్బిన మేకలు ఒక చెట్టు బెరడు కొరికి తేరుకోవడం చిలకమ్మ గమనించింది. ఓ ముక్క తెచ్చి గంజిలో వేసి కాచింది.

“ఏం వేశావే ఇందులో? వాసనకే ఆకలేస్తోంది. ఇంకో గరిటె పొయ్యి,” అన్నాడు గంగులు.

“ఇన్నాళ్లూ నా వంట వంక చూడనివాడివి, ఇవాళ గరిటెలు అడుగుతున్నావా!” అని ఆమె నవ్వింది.

ఆ సంబరంలో మర్నాడు వెళ్లి, మళ్లీ కొరత రాకూడదని చెట్టు చుట్టూ బెరడంతా ఒలుచుకొచ్చింది. ఆకులు వండుకున్న తిండి వేళ్లకు చేరేది బెరడు గుండానే. చుట్టూ ఒలిస్తే చెట్టు బతకదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. మధ్యాహ్నం కునుకు పట్టగానే కలలో ఒక ముసలమ్మ ఎండలో వణుకుతూ కనిపించింది.

“కొంగు చింపుకుంటే ఊరుకునేదాన్ని. చీరంతా ఒలుచుకుపోయావు. నేను పోతే రేపు నీ మగడికేం పోస్తావు?” అంది.

చిలకమ్మ ఉలిక్కిపడి లేచింది. బెరడంతా మోసుకెళ్లి, ముక్కలను ఎక్కడివక్కడ పేర్చి, ఎర్రమట్టి మెత్తి, తనకున్న ఒకే ఒక్క మంచి చీర చుట్టింది.

“మరి నువ్వేం కట్టుకుంటావే?” అన్నాడు గంగులు.

“నీ పంచె ఉందిగా. మంచం దిగేదాకా నీకెందుకది?”

రోజూ వాగు నీళ్లతో ఆ చీర తడుపుతూ, రాలిన రెమ్మల బెరడుతోనే గంజి కాచింది. వానలకు చెట్టు ఎర్రగా చిగురించింది. ఆ చిగురు చూడటానికి గంగులు తన కాళ్ల మీదే కొండెక్కాడని చెబుతారు.

ఇప్పటికీ ఇక్కడ మొదలు బెరడు ఎవరూ ముట్టరు. నరికిన పక్క కొమ్మల చెక్కతోనే బెల్లం గంజి వండి ప్రసాదంగా పెడతారు. జబ్బుపడి లేచినవారికి ఇది అరుగుదలనూ ఆకలినీ ఇస్తుందని నమ్మకం. అయినా వైద్యుడిచ్చిన మందు మానకూడదు. ఇంట్లో వండినా వేలి కణుపంత ముక్క చాలు, ఎక్కువైతే నోరు మండుతుంది. ప్రసాదం ముందు రోగికే వడ్డిస్తారు. అతను తన నోటితో “ఇంకో గరిటె” అని అడిగేదాకా తోడు వచ్చినవారు విస్తరి ముందు కూర్చోరు. అడిగాక మాత్రం ఎవరూ ఆలస్యం చేయరు.

సరే, బకెట్‌లో సగం బట్టలు అలాగే ఉన్నాయి. ఆరేసి వస్తాను.