శాంతయ్య మాస్టారి సద్దులేని బడి

కొబ్బరితోట పశువులపాకలో కక్కెరమ్మ అనే కోడిపెట్ట ఉండేది. కిందటేడు దానికి పదకొండు పిల్లలు లేచాయి. ఇంత పసివాళ్ళకి చదువేమిటి, తోకలొచ్చాక చూద్దాంలే అనుకుంది పిచ్చిది. ఒక్కదానికీ తోక రాలేదు. గద్ద కొన్నిటిని, ముంగిస కొన్నిటిని పట్టుకుపోయాయి. అందుకని ఈసారి ఆరు పిల్లలు పుట్టిన మూడోరోజే బడిలో వేసేసింది. ఈ ఆరూ దక్కకపోతే తను మళ్ళీ పొదగనే పొదగనని ఒట్టు కూడా పెట్టుకుంది.

ఆ పాక చుట్టుపక్కల బడులు రెండు. పెంటకుప్ప మీద గిన్నికోడి సుందరమ్మది ఒకటి. అది బడో సంతో చెప్పడం కష్టం. పిల్లలు కుప్ప గీరుతూ, దొర్లుతూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉండేవి. సుందరమ్మ ఉన్నట్టుండి కెక్కెక్కెమని అరిచేది. అంతే, అన్నీ చేమాకుల కిందికి దూరేవి. తర్వాత బయటికొచ్చి, ఎందుకు దూరామని అడిగేవి. ఎన్నిసార్లు అడిగినా ఆవిడ విసుక్కోకుండా చెప్పేది. కక్కెరమ్మ పిల్లలు అయిదురోజులు వెళ్ళి, అయిదురోజులూ ఒళ్ళంతా పేడ పూసుకొచ్చాయి. ఆటలాడుకోడానికి బడి దాకా వెళ్ళాలా అని తల్లికి ఒళ్ళు మండింది.

రెండో బడి ఎడ్లబండి కింద. మాస్టారు గండుపిల్లి శాంతయ్య. మాంసం మానేసి ఏడాదైందని చెప్పుకుంటూ, మీసాలకి పాలు అంటించుకుని మరీ తిరిగేవాడు. పిల్లల మెడలకి ఎర్ర రిబ్బన్లు కట్టాడు. వరసగా కూర్చోవాలి, కళ్ళు మూసుకోవాలి, మెడ చాచాలి, ఏ చప్పుడైనా కదలకూడదు. ఆయన సిలబస్ అంతే. తల్లులు వెళ్ళి చూస్తే కిక్కురుమనే పిల్ల లేదు. ఎంత క్రమశిక్షణో అని కోళ్ళూ బాతులూ, వేళ్ళు లేకపోయినా ముక్కున వేలేసుకున్నాయి. కక్కెరమ్మ ఆ రోజే తన ఆరుగుర్నీ అక్కడికి మార్చేసింది. శుక్రవారం వార్షికోత్సవమని, తల్లులు మాత్రం గడ్డివాము అవతలే కూర్చోవాలని శాంతయ్య కబురుపెట్టాడు. పిల్లలకి అప్పటికి కాస్త కండ పడుతుందని ఆయన లెక్క. పాపం, ఆ సంగతి తల్లులకేం తెలుసు.

సోమవారం నాడు కక్కెరమ్మ పిల్లల్ని వెంటేసుకుని గింజలేరుతుంటే మీద నీడ పడింది. గద్దేనని అది గొంతు చించుకుంది. ఒక్క పిల్లా రెక్కల కిందికి రాలేదు. ఆరూ బుద్ధిగా వరసలో కూర్చుని, కళ్ళు మూసుకుని, మెడలు చాచాయి. ఆ వచ్చింది కాకి కాబట్టి సరిపోయింది గానీ, కక్కెరమ్మకి గుండె ఆగినంత పనైంది. ఇది ఎవరు నేర్పారర్రా అంటే, మాస్టారని ముద్దుముద్దుగా చెప్పాయి. ఆ మెడలు ఎవరికోసం చాపించాడో దానికి అప్పుడు బోధపడింది.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంటూనే సుందరమ్మ దగ్గరికి పరిగెత్తింది. సుందరమ్మ పాక ఎగిరిపోయేలా తిట్టింది. తిడుతూనే పిల్లల్ని కుప్పెక్కమంది.

"ఇప్పుడింక నేర్చుకుంటాయా పిన్నీ?" అంది కక్కెరమ్మ ఏడుపు గొంతుతో.

"ఈ వయసులో ఏదైనా నేర్చుకుంటాయే అమ్మాయ్. మంచైనా అంతే, చెడైనా అంతే. అదే వచ్చిన చిక్కు."

మిగతా తల్లులకి చెబితే నమ్మలేదు. నీ పిల్లలు మొద్దులైతే మాస్టార్ని ఆడిపోసుకుంటావేం అన్నాయి. అలాగని వాళ్ళ పిల్లల్ని పిల్లి నోటికి వదిలెయ్యడానికి కక్కెరమ్మకి మనసొప్పలేదు. సుందరమ్మతో కూడబలుక్కుని, కాపలాకుక్క రాగన్న చెవిలో ఓ మాట వేసొచ్చింది. పిల్లిని తరమడమంటే రాగన్న చెవి కోసుకుంటాడు.

శుక్రవారం తన ఆరుగుర్నీ ఏమీ ఎరగనట్టు మళ్ళీ శాంతయ్య బడికే పంపింది. వాటితో కలిపి పాతిక పిల్లలు బండి కింద బారులు తీరాయి. కళ్ళు మూసుకోమన్నాడు శాంతయ్య. అన్నీ మూశాయి. కక్కెరమ్మ ఆఖరిపిల్ల బుడ్డి మాత్రం మూయలేదు.

"ఎందుకు మూసుకోవాలండీ మాస్టారూ?" అంది.

బడి పెట్టాక శాంతయ్య ఇలాంటి ప్రశ్న వినడం అదే మొదలు. తడబడి, మూసుకుంటే చదువు బయటికి పోదని ఏదో సర్దిచెప్పాడు.

"మెడ ఎంత చాచాలో నాకు రావట్లేదండీ. ఒక్కసారి మీరు చేసి చూపించరూ?"

ఆగలేని తల్లులు కొన్ని అప్పటికే గడ్డివాము ఎక్కి తొంగిచూస్తున్నాయి. పరువు దక్కించుకోవాలిగా. శాంతయ్య కళ్ళు మూసుకుని మెడ చాచాడు. సుందరమ్మ కెక్కెక్కెమంది. కక్కెరమ్మ పిల్లలు ఆరూ లేచి, మిగతావాటిని రిబ్బన్లు పట్టి లాక్కుంటూ చేమాకుల్లోకి దూరాయి. శాంతయ్య కళ్ళు తెరిచేసరికి మొదటి వరసలో రాగన్న కూర్చుని ఉన్నాడు.

శాంతయ్య ఒక్క ఉదుటున కొబ్బరిచెట్టెక్కేశాడు. రాగన్న విసుగొచ్చి ఎప్పుడో వెళ్ళిపోయాడు. రెండ్రోజులైనా మాస్టారు మాత్రం మట్టల్లోనే ఉన్నాడు. కక్కెరమ్మకే జాలేసి, ఇంకా అక్కడే ఉన్నారేమని అడిగింది.

"ఎక్కడం మా అమ్మ నేర్పిందమ్మా," అన్నాడు శాంతయ్య నీరసంగా. "దిగడం నేర్పేలోపే ఎవరో నన్ను సంచిలో వేసి తెచ్చి ఈ తోటలో వదిలేశారు."

కక్కెరమ్మకి నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. రాగన్న లేకపోయినా, దిగమన్నా మాస్టారికి దిగే దారి తెలియదు. అది పిల్లల్ని తోలుకుని పెంటకుప్ప వైపు గబగబా నడిచింది.

నీతి: పసితనంలో అందాల్సిన చదువు పసితనంలోనే అందాలి, అందకపోతే గండుపిల్లికైనా నేల అందదు.