పల్లకీ దింపించిన సింగమ్మ

అనగా అనగా అనుకునేంత పాతకాలంలో రాళ్లకొండ అనే రాజ్యం ఉండేది. కోట కొండ పైన, వైద్యుడి ఇల్లు కొండ కింద. మధ్యలో రెండు కోసుల మెట్ల దారి.

పైన ఎవరికి దెబ్బ తగిలినా బోయీలు పల్లకీలో వేసుకుని పరుగు తీసేవారు. ఎత్తిన పల్లకీని వైద్యుడి గడపలోనే దించాలి, దారిలో దించితే కొలువు ఊడుతుందని రణధీరరాజు ఆజ్ఞ. బోయీలకూ ఆ పరుగే గర్వం.

కోట వాకిట ఉండే మేదరి సింగమ్మకు మాత్రం అది చూస్తే ఒళ్లు మండేది. బుట్టలల్లే చేతికి కత్తిగాట్లు రోజూ ఉండేవే. గాయాన్ని అదిమి పట్టుకుంటే నెత్తురు ఆగుతుందని ఆమెకు చిన్ననాటి నుంచే తెలుసు.

మొదట రాళ్లు కొట్టే పోలయ్య చేయి తెగింది. కట్టు కట్టనివ్వమని సింగమ్మ బతిమాలినా బోయీలు వినలేదు. ఎంత వేగంగా దిగితేనేం, గడప చేరేసరికి పోలయ్యలో ప్రాణం లేదు.

తర్వాత తోటపని చేసే మంగాయి కాలు విరిగింది. వెదురు బద్దలు పెట్టి కదలకుండా కడతానంది సింగమ్మ. ఆలస్యమవుతుందని ఆమెను తోసేశారు. మెట్టు మెట్టుకూ కుదుపులకు ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. మంగాయి బతికింది గానీ కాలు దక్కలేదు.

మూడోసారి, కోటగోడ చూడటానికి వచ్చిన రాజుగారే జారిపడ్డారు. కుడికాలు విరిగింది, ఎడమ తొడ లోతుగా తెగింది. బోయీలు పల్లకీ ఎత్తి నాలుగు మెట్లు దిగేసరికి సింగమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో, తల తీయిస్తాను" అన్నాడు మంత్రి.

"తీయిద్దురుగాని. ముందు పల్లకీ దింపించండి, నెత్తురు ఆపాలి" అంది సింగమ్మ.

మంత్రి భటులను పిలిచాడు. బోయీల పెద్ద బుడ్డన్న కిందికి చూశాడు. పల్లకీలోంచి నెత్తురు మెట్ల మీద కారుతోంది. అతనికి పోలయ్య గుర్తొచ్చాడు. భుజం వంచి, బుద్ధెరిగాక మొదటిసారి దారిలో పల్లకీ దించాడు. రాజు నెత్తురు చూసి భటులూ వెనక్కి తగ్గారు.

సింగమ్మ పైట చెంగు చింపి, మడిచి, గాయం మీద రెండు చేతులా అదిమింది. అది తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకో మడత పెట్టింది. నెత్తురు ఆగాక గట్టిగా కట్టింది. విరిగిన కాలికి వెదురు బద్దలు ఆనించి కట్టింది. ఇక కుదపకుండా నడవమని చెప్పి, దారంతా గాయం మీద చెయ్యి తీయకుండా పక్కనే నడిచింది.

వైద్యుడు చూసి ఆశ్చర్యపోయాడు. "సగం వైద్యం దారిలోనే అయిపోయింది" అన్నాడు.

నాలుగు నెలలకు రాజు తన కాళ్ల మీద తానే నడుస్తూ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. కొండంతా డప్పులు మోగాయి. అందరి ముందూ ఆయన తలవంచి, "పోలయ్యను చంపింది నా ఆజ్ఞే. ఈ తల్లి లేకపోతే నన్నూ చంపేది" అని ఒప్పుకున్నాడు. ఆ ఆజ్ఞను రద్దు చేసి, బోయీలందరికీ సింగమ్మను గురువుగా నిలిపాడు. ఆమె దగ్గర కట్లు కట్టడం మంత్రి కూడా నేర్చుకోక తప్పలేదు.

దెబ్బ తగిలిన మనిషిని వైద్యుడి దగ్గరికి త్వరగా చేర్చడం మంచిదే, ప్రాణంతో చేర్చడం అంతకన్నా ముఖ్యం.